ఏనుగు చస్తేనే వెయ్యి: వలసపాలనలో గేమ్ డిపార్ట్‌మెంట్ సేవ ఎలా ఉండేది

ఏనుగు బతికినా వెయ్యే, చచ్చినా వెయ్యే అంటాం. బ్రిటిష్ తూర్పు ఆఫ్రికాలో వన్యప్రాణుల్ని కాపాడమని పెట్టిన శాఖ లెక్కల్లో మాత్రం ఈ సామెత సగమే చెల్లుతుంది. బతికున్న ఏనుగుకి అక్కడ పద్దు లేదు. చచ్చినదానికి ఉంది: దంతాలు రెండు, తూకం ఇంత, వేలంలో పలికింది ఇంత. కెన్యా, ఉగాండా, ఈనాటి టాంజానియాలో భాగమైన టాంగన్యికాల్లో దశాబ్దాలపాటు నడిచిన గేమ్ డిపార్ట్‌మెంట్‌ని ఒక సర్వీసుని తూచినట్టే తూచి చూస్తే ఎలా ఉంటుంది? డబ్బెవరిది, మనుషులెందరు, సామానేమిటి, ఫిర్యాదు చేస్తే ఎవరొచ్చారు, ఎప్పటికొచ్చారు?

ముందు పేరు సంగతి. ఇంగ్లీషులో గేమ్ అంటే వేటకి పనికొచ్చే జంతువు. అంటే వేట సరుకు తరిగిపోకుండా చూసే శాఖ ఇది, అడవిని మొత్తంగా చూసేది కాదు. సింహం, చిరుత చాలాకాలం గేమ్ కిందకే రాలేదు, చీడ కింద లెక్క. 1900 మే 19న లండన్‌లో బ్రిటన్, జర్మనీ, ఫ్రాన్స్, పోర్చుగల్ తదితర వలస దేశాలు సంతకాలు పెట్టిన ఆఫ్రికా జంతు సంరక్షణ ఒప్పందంలోనే ఈ విభజన ఉంది. జిరాఫీని, గొరిల్లాని పూర్తిగా కాపాడమన్న ఆ కాగితమే సింహాల్ని, చిరుతల్ని, దుమ్ములగొండుల్ని తగ్గించమంది, మొసలి గుడ్లూ కొండచిలువ గుడ్లూ పగలగొట్టమంది. 5 కిలోలకు తక్కువ బరువున్న ఏనుగు దంతం దొరికితే జప్తు చేయమంది. సంతకాలు పెట్టినవాళ్ళలో చాలామంది తర్వాత దాన్ని ధ్రువీకరించనే లేదు. అది అమల్లోకి రాలేదు గానీ కాలనీల వేట చట్టాలన్నీ ఆ అచ్చులోనే పోతపోశారు.

ఇక ధరల పట్టిక. ఈ సేవ ఎవరికోసమో తెలుసుకోవడానికి ఇదొక్కటి చాలు. తూర్పు ఆఫ్రికా ప్రొటెక్టరేట్‌లో, అంటే తర్వాతి కెన్యాలో, అప్పట్లో చెల్లింది రూపాయే, పదిహేను రూపాయలకు ఒక పౌండు. 1909 చట్టం ప్రకారం బయటినుంచి వచ్చే వేటగాడి లైసెన్సు 50 పౌండ్లు, అంటే 750 రూపాయలు. అక్కడ కాపురమున్న తెల్లవాడికి 10 పౌండ్లు. ట్రావెలర్స్ లైసెన్సు ఒక పౌండు. పెద్ద లైసెన్సు మీద ఖడ్గమృగాలు రెండు, నీటిగుర్రాలు రెండు, ఇంకా జింకజాతులు ఒక్కోదానికీ ఒక్కో లెక్క. సింహాలకి లెక్కే లేదు, ఎన్నయినా కొట్టుకోవచ్చు. తరతరాలుగా ఆ నేలమీదే వేటాడి బతికినవాడికి ఈ పట్టికలో అతని స్తోమతకి తగ్గ వరుస ఒక్కటీ లేదు. అతను ఉచ్చు పన్నినా బాణం వేసినా దొంగవేటగాడే.

దంతానికి కనీస తూకం పెట్టడం వినడానికి బావుంటుంది, అమలులో మాత్రం బోల్తా కొడుతుంది. దంతం పొడవులో ఇంచుమించు మూడోవంతు పుర్రె లోపలే ఉంటుంది. గడ్డిలో నిలబడ్డ ఏనుగుని నలభై గజాల నుంచి చూసి తూకం అంచనా కట్టాలి. బయటికి పొడుగ్గా కనబడిన దంతం లోపల డొల్ల ఎక్కువై తేలిపోవచ్చు. కాల్చాక తక్కువ తూగితే వేటగాడికి రెండే దార్లు: నిజం చెప్పి దంతం పోగొట్టుకోవడం, లేదా సరిహద్దు దాటించి పక్క కాలనీలో అమ్ముకోవడం. ఒక కాలనీలో నేరమైనది పక్కదానిలో సరుకు అయినంతకాలం రెండో దారిలోనే రద్దీ ఉంటుంది. నైలు పక్కన లాడో ఎన్‌క్లేవ్ దీనికి పేరుమోసిన ఉదాహరణ. అది బెల్జియం రాజు లియోపోల్డ్ చేతిలో ఉన్న నేల. 1909 డిసెంబరులో ఆయన చనిపోయాక ఆ ముక్క 1910లో సూడాన్‌కి మారింది. ఆ చేతులు మారే రోజుల్లో అక్కడ అడిగేవాడు లేక దంతాల వేటగాళ్ళు గుంపులుగా దిగారు. ఉగాండా వైపు ఎంత కట్టుదిట్టమైన చట్టం ఉన్నా దాని పని ఏటి ఒడ్డు దాకానే.

అసలు కిటుకు పద్దుల్లో ఉంది. ఆదాయం వచ్చే దారులు నాలుగు: లైసెన్సు రుసుములు, ప్రభుత్వ దంతాల అమ్మకం, జప్తు సరుకు, జరిమానాలు. ఇవన్నీ ఖజానాకి జమ. శాఖ ఖర్చు వేరే పద్దు, దాన్ని ఏటా శాసనమండలి మంజూరు చేయాలి. కెన్యాలో ఆ మండలిలో గట్టిగా మాట్లాడే గొంతులు తెల్ల భూస్వాములవి, వాళ్ళకి జీబ్రా అంటే కంచె తెంపే జంతువు. అందుకే శాఖ పెద్ద అయిన వార్డెన్ తన వార్షిక నివేదికలో ఆదాయమూ ఖర్చూ పక్కపక్కన వేసి, మా శాఖ మీకు భారం కాదు, మీకే మిగులు తెస్తోంది అని చూపించుకోవలసి వచ్చేది. వాదన నిజమే. కానీ మిగులు చూపించిన శాఖకి మనుషుల్ని పెంచలేదు, మిగులు తగ్గకుండా చూసుకోమన్నారు. ఆవు పాలు తాము పితుక్కుని, గడ్డి పక్కింట్లో అడుక్కోమన్నట్టుంది వ్యవహారం. 1929 తర్వాత ప్రపంచమంతా ధరలు పడిపోయినప్పుడు ఇలాంటి శాఖలకి రెండువైపులా దెబ్బ. వేటకొచ్చే ధనవంతులు తగ్గారు, దంతం ధర తగ్గింది, ఖర్చు కోయాలంటే అందరికన్నా ముందు గుర్తొచ్చేది వీళ్ళే.

మనుషుల విషయానికొస్తే, 1901లో తూర్పు ఆఫ్రికా ప్రొటెక్టరేట్‌లో బ్లేనీ పెర్సివల్‌ని గేమ్ రేంజర్‌గా పెట్టారు. ఈనాటి కెన్యా ఒక్కటే 5 లక్షల 80 వేల చదరపు కిలోమీటర్లు, బ్రిటన్‌కి రెండింతల పైనే. ఆ విస్తీర్ణానికి మొదట దాదాపుగా ఒక్కడు, తర్వాత కూడా వేళ్ళమీద లెక్కపెట్టగలిగినంతమంది. సావోలో మనుషుల్ని తినే సింహాల్ని చంపి పేరుతెచ్చుకున్న పాటర్‌సన్ 1907లో వార్డెన్ అయి 1909లో వెళ్ళిపోయాడు. 1910లో వచ్చిన వూస్నమ్ యుద్ధానికెళ్ళి 1915లో గలిపోలీలో చనిపోయాడు. మళ్ళీ పెర్సివలే 1923 దాకా బండి లాగాడు. 1924లో ఆర్చీ రిచీ వచ్చి 1948 వరకు ఉండడంతో శాఖకి మొదటిసారి ఒక స్థిరమైన ముఖం దొరికింది. ఈ మనుషుల్లోంచి కూడా ఎప్పుడూ ఎవరో ఒకరు లేనట్టే లెక్క. కలోనియల్ సర్వీసులో రెండు, రెండున్నరేళ్ళ టూర్ అయ్యాక నెలల తరబడి ఇంగ్లండ్ సెలవు, ఓడ ప్రయాణం అదనం. మలేరియా, నల్లనీటి జ్వరం సరేసరి. నలుగురి పేర్లున్న జాబితా చూసి నలుగురు పనిచేశారనుకుంటే పొరపాటు, ముగ్గురని రాసుకోవడం నయం.

ఒక చిన్న సంగతి నవ్వు తెప్పిస్తుంది. ఇంత కరువులోనూ 1920ల చివరికల్లా కెన్యా శాఖలో ఒక ఫిష్ వార్డెన్ ఉన్నాడు. పని: కొండ ఏళ్ళలో తెల్లవాళ్ళు గేలం వేసుకోవడానికి తెచ్చి వదిలిన ట్రౌట్ చేపల బాగోగులు. ట్రౌట్ ఆఫ్రికా చేపే కాదు.

ఖాళీలు పూడ్చడానికి కనిపెట్టిన ఉపాయం ఆనరరీ గేమ్ వార్డెన్. జీతం లేదు, హోదా ఉంది, కేసు పెట్టే అధికారం ఉంది. కొందరు చేతి చమురు వదుల్చుకుని, సొంత బండిలో సొంత పెట్రోలు పోసుకుని తిరిగారు, కాదనలేం. కానీ జీతం లేనివాణ్ణి ఎక్కడికి పొమ్మని ఆజ్ఞాపించలేం. అతను తన పొలం చుట్టుపక్కల, తన సెలవురోజున, తనకి గిట్టనివాడి మీద చూపించే శ్రద్ధే ఆ ప్రాంతానికి చట్టం. పొరుగు తెల్లవాడి మీద కేసు పెట్టడం కన్నా ఉచ్చుతో దొరికిన కూలివాడి మీద పెట్టడం ఎవరికైనా తేలిక.

నిజానికి శాఖని మోసింది ఆఫ్రికన్ గేమ్ స్కౌట్లు. జాడ పట్టేది వాళ్ళు, రాత్రి చేను దగ్గర కాపు కాసేది వాళ్ళు, ఏనుగుకి ముందు నిలబడేది వాళ్ళు. వాళ్ళలో చాలామంది వేట తెలిసిన కుటుంబాలవాళ్ళే. నివేదికల్లో తెల్ల రేంజర్లకి పేర్లుంటాయి, వీళ్ళకి ఎక్కువచోట్ల సంఖ్యే ఉంటుంది. రేంజర్ల సంగతి కూడా చిత్రమే. టాంగన్యికాలో 1933లో చేరి తర్వాత సెలూస్ అభయారణ్యాన్ని పెంచి పెద్దచేసిన అయొనిడీస్ అంతకుముందు సైన్యంలో పనిచేశాడు, దంతాల దొంగవేటా చేశాడు. జార్జ్ రష్బీ కూడా ఆ బాపతే. దొంగ దారులు తెలిసినవాణ్ణే కాపలా పెట్టడం తెలివైన పనే అనిపిస్తుంది, చవకైన పని కూడా: శిక్షణ ఖర్చు లేదు.

రైతు వైపునుంచి చూస్తే ఈ సేవ అంటే ఎలిఫెంట్ కంట్రోల్, అంటే పంట మేసే ఏనుగుల్ని కొట్టడం, అంతే. ఉగాండాలో శాఖ 1925లో పుట్టిందే ఏనుగులు పంటల్ని నాశనం చేస్తున్నాయన్న గోలతో. వార్డెన్ చార్లెస్ పిట్‌మన్ 1951 దాకా కొనసాగాడు. మధ్యలో 1930ల మొదట్లో ఆయన్ని జంతు సర్వే కోసం ఉత్తర రొడీషియాకి (ఈనాటి జాంబియా) అరువిచ్చారు కూడా. ఒక కాలనీకి సరిపడా మనుషులు లేనిచోట ఆ ఉన్న పెద్దనే పక్క కాలనీకి పంపడం చూస్తే సామ్రాజ్యమంతటికీ ఈ పని తెలిసినవాళ్ళు ఎంతమందో ఊహించుకోవచ్చు.

కంట్రోల్ పద్ధతి ఇలా ఉంటుంది. చేనులో ఏనుగులు పడ్డాయని రైతు ఊరిపెద్దకి చెప్తాడు. పెద్ద జిల్లా అధికారికి కబురంపుతాడు. అక్కడినుంచి రేంజర్‌కో, దగ్గర్లో స్కౌట్ ఉంటే అతనికో చీటీ వెళ్తుంది. రోడ్డు లేనిచోట ఇది రోజుల పని, వానాకాలమైతే వారాల పని. జొన్నగానీ మొక్కజొన్నగానీ గింజ పాలు పట్టి ముదిరేది కొద్ది వారాల్లో. ఏనుగు రోజుకి వంద కిలోల పైన మేస్తుంది, తిన్నదానికన్నా తొక్కింది ఎక్కువ. స్కౌట్ వచ్చేసరికి నోటికాడి కూడు పోయిందన్నమాటే.

వచ్చాక చేయవలసినది తెల్లవారుజామున జాడ పట్టి, గాలి ఎటు వీస్తోందో చూసుకుని, మందలో ఒకదాన్ని కొట్టడం. ఎక్కడ కొట్టామన్నదే కీలకం. చేనులోనో చేనుగట్టు మీదో పడితే మిగతావి ఆ చోటుకీ చావుకీ ముడిపెట్టుకుని కొంతకాలం అటు రావు. అవి అడవిలోకి వెళ్ళిపోయాక పది మైళ్ళు వెంటబడి కొడితే లెక్కలో ఒక ఏనుగు తగ్గుతుంది, చేనుకి ఒరిగేదేం ఉండదు. రాత్రి చీకట్లో కాల్చి గాయపరిచి వదిలేయడం అన్నిటికన్నా చెడ్డది. కుంటుతున్న ఏనుగు మందతో నడవలేక ఊరి దగ్గరే పొదల్లో ఉండిపోతుంది, తర్వాత నీళ్ళకెళ్ళిన మనిషిని చంపుతుంది. అందుకే తుపాకీ ఎంపిక చిన్న విషయం కాదు. టాంగన్యికా, కెన్యా శాఖల్లో ఎక్కువగా కనబడేది పాయింట్ 404 జెఫ్రీ, ఉగాండాలో పాయింట్ 425 వెస్ట్లీ రిచర్డ్స్. 404 గుండు బరువు 400 గ్రెయిన్లు, అంటే ఇంచుమించు 26 గ్రాములు. ఏనుగుకి వాడవలసింది మొత్తం లోహపు తొడుగున్న సాలిడ్ గుండు. ముక్కు మెత్తగా ఉండే సాఫ్ట్ గుండు పుర్రె ఎముకలోనే విచ్చుకుని ఆగిపోతుంది, మెదడు దాకా పోదు. పెట్టెలో రెండు రకాలూ కలిసిపోతే స్కౌట్ ప్రాణం మీదకొస్తుంది.

ఏనుగు పడ్డాక పంపకం: మాంసం ఊరికి, దంతం ప్రభుత్వానికి. పోయిన పంటకి డబ్బు లేదు. రైతుకి మాంసం దొరకడం నిజంగా పెద్ద ఊరటే, దాన్ని తక్కువ చేయకూడదు. అయితే రక్షణ, రాబడి రెండూ ఒకే తుపాకీ, ఒకే చేయి, ఒకే పుస్తకం కావడంతో ఏది దేనికోసం జరిగిందో విడదీయడం కష్టం. చేనులో పడ్డది చిన్న దంతాల ఆడ ఏనుగు, పక్క లోయలో ఉన్నది పెద్ద దంతాల మగది అనుకోండి. ఖజానాకి ఏది నచ్చుతుందో అందరికీ తెలుసు. ఫలితం మాత్రం లెక్కకి అందుతుంది: ఉగాండా భూభాగంలో 1929లో ఏనుగులు తిరిగిన మేర 70 శాతం పైన, 1959కి 17 శాతం. జనం, పత్తి, రోడ్లు పెరగడం దీనికి పెద్ద కారణం. ఆ పెరుగుదలకి దారి చేసిపెట్టింది మాత్రం గేమ్ డిపార్ట్‌మెంట్ తుపాకీ.

దంతం పద్దులోకి ఎక్కే తీరు కాస్త వివరంగా చెప్పుకోవాలి, తేడాలన్నీ అక్కడే వస్తాయి. చచ్చిన ఏనుగు దంతం లాగితే రాదు. నాలుగైదు రోజులు ఆగితే చిగురు కుళ్ళి వదులై చేతులతో ఊడుతుంది. ఆగే తీరిక లేకపోతే గొడ్డలితో చుట్టూ ఎముక చెక్కాలి, చేయి జారి దంతానికి గాటు పడితే ధర పడుతుంది. ఆగితే ఆ నాలుగు రోజులూ శవం దగ్గర మనిషి కాపలా ఉండాలి, లేకపోతే ఉదయానికి దంతం ఉండదు. మనుషులే లేని శాఖ అది. ఊడాక వేరు డొల్లలో ఉన్న మెత్తటి గుజ్జుని లాగేసి శుభ్రం చేయాలి. ఆపైన వేరు చివర నంబరు, తూకం ముద్ర వేస్తారు. పచ్చి దంతం ఆరేకొద్దీ బరువు తగ్గుతుంది, కాబట్టి అడవిలో వేసిన తూకానికీ తీరంలో తూకానికీ తేడా వస్తుంది. ఆ తేడా ఆరుదలా, మార్పిడా అన్నది చెప్పడానికి ముద్ర ఒక్కటే ఆధారం. కూలి మోసే బరువు మామూలుగా 60 పౌండ్లు, పెద్ద దంతమైతే ఒకటే ఒక మనిషి మోత. కెన్యా సరుకు మొంబాసాకి చేరి అక్కడ వేలానికి వెళ్ళేది.

కంచే చేను మేసిన సందర్భాలు చెప్పకపోతే సమీక్ష కాదు. కెన్యాలో మకువేని దగ్గర కాంబా తెగ రైతుల్ని కొత్తగా స్థిరపరచడానికి పొదలు కొట్టి నేల సాపు చేయాలనుకున్నారు. ఆ పొదల నిండా ఖడ్గమృగాలు. గేమ్ డిపార్ట్‌మెంట్ తరఫున జె.ఎ. హంటర్ 1944 ఆగస్టు నుంచి 1946 అక్టోబరు దాకా చంపినవి 996. కాపాడవలసిన శాఖే, తన జీతంమీద ఉన్న మనిషితో. దక్షిణ రొడీషియాలో (ఈనాటి జింబాబ్వే) ఇంకో రకం. పశువులకి నగానా రోగం తెచ్చే త్సెత్సే ఈగకి ఆహారం లేకుండా చేయాలని 1930ల నుంచి అడవి జంతువుల్నే వరసగా కాల్చారు, దశాబ్దాల్లో 5 లక్షలకు పైగా. అదే కాలనీలో 1928లో వాంకీ గేమ్ రిజర్వ్ పెట్టి, 22 ఏళ్ళ టెడ్ డేవిసన్‌కి ఇంచుమించు 13 వేల చదరపు కిలోమీటర్లు అప్పగించారు. అక్కడ ఏడాది పొడవునా పారే ఏరు లేదు. బోర్లు వేసి నీళ్ళు పెట్టడమే డేవిసన్ చేసిన అసలు పని. ఏనుగు ఒక్కటే రోజుకి వంద లీటర్లకు పైగా తాగుతుంది, గాలిమర పంపు మీద మంద ఆధారపడితే గాలి పడిపోయిన వారం చాలు గుంటలో బురదే మిగలడానికి. ఒకే ప్రభుత్వం ఒక చేత్తో నీళ్ళు తోడిపోసింది, ఇంకో చేత్తో కాల్చింది. రెండు చేతులూ రెండు శాఖలవి, రెండు పద్దులవి.

ఆఫ్రికా బయట సేవ ఇంకా పలచన. సిలోన్‌లో యాలా అడవికి 1908లో మొదటి సంరక్షకుడిగా పెట్టింది ఎంగెల్‌బ్రెక్ట్ అనే దక్షిణాఫ్రికా బోయర్ యుద్ధఖైదీని. బ్రిటిష్ రాజుకి విధేయత ప్రమాణం చేయనని మొండికేసి ఇంటికి పోలేక ఉండిపోయినవాడు. 1914లో మద్రాసు మీద గుండ్లు కురిపించిన జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్‌కి మాంసం అందించాడని అనుమానించి ఆయన్ని నిర్బంధించారు కూడా.  మలయాలో థియొడోర్ హబ్బాక్ ఏళ్ళ తరబడి పోరితే 1938-39లో కింగ్ జార్జ్ నేషనల్ పార్క్ వచ్చింది. ఇండియాలో అయితే ప్రత్యేక శాఖే లేదు, 1864లో మొదలైన అటవీ శాఖ మీదే ఈ బరువూ పడేశారు. కలపకి జవాబు చెప్పవలసిన రేంజర్‌కి జంతువు పక్క పని. మద్రాసు ప్రభుత్వం 1873లో అడవి ఏనుగులకి, 1879లో నీలగిరి వేటకి చట్టాలు చేసింది. మరోవైపు క్రూరమృగాలకి బహుమతి పద్దు బాగానే పారింది. 1875 నుంచి 1925 దాకా అలా చచ్చిన పులులు 80 వేలకు పైన, చిరుతలు లక్షన్నర, తోడేళ్ళు 2 లక్షలు అని చరిత్రకారుల అంచనా. సంరక్షణ చట్టానికి జీతగాళ్ళు లేరు, బహుమతి పద్దుకి ఊరూరా పనివాళ్ళే.

1933 నవంబరులో లండన్‌లోనే కుదిరిన రెండో ఒప్పందం 1936లో అమల్లోకి వచ్చాక నమూనా మారింది. లైసెన్సు బదులు నేల: నేషనల్ పార్క్. బెల్జియన్లు కాంగోలో 1925లోనే ఆల్బర్ట్ పార్క్ పెట్టి, 1934లో పార్కులకి విడిగా ఒక సంస్థనే ఏర్పాటుచేశారు. కెన్యాలో నైరోబీ పార్క్ 1946 డిసెంబరులో, సావో 1948లో వచ్చాయి. ట్రస్టీలు, గ్రాంటు, గేటు రుసుము, విరాళాలు. దంతాల తూకంతో సంబంధంలేని డబ్బు మొదటిసారి చేతికొచ్చింది, సేవలో తేడా కూడా వెంటనే తెలిసింది. తూర్పు సావో వార్డెన్ డేవిడ్ షెల్డ్రిక్ ఉత్తరాది నుంచి తుర్కానాల్ని, సంబూరుల్ని, సోమాలీల్ని చేర్చుకుని సైనిక క్రమశిక్షణతో ఫీల్డ్ ఫోర్స్ కట్టాడు. 1956-57లో పార్కులు, గేమ్ డిపార్ట్‌మెంట్, పోలీసులు కలిసి దొంగవేట మీద దాడికి దిగారు. ఉచ్చుల వెంట అడవంతా తిరగడం మానేసి, ఒక వేటగాణ్ణి పట్టుకుని అతని ద్వారా తక్కినవాళ్ళ పేర్లు రాబట్టి ఇళ్ళకే వెళ్ళడం ఈ దాడిలో పనిచేసిన కిటుకు. అడవిలో వంద మైళ్ళ గస్తీ కన్నా ఒక పేరు చవక.

ఎవరిని పట్టుకున్నారో కూడా చూడాలి. ఎక్కువమంది వాటా అనే తెగ వేటగాళ్ళు, అప్పటి కాగితాల్లో వాళ్ళ పేరు వలియాంగులు. వాళ్ళ విల్లు లాగడానికి వంద పౌండ్లకు పైన బలం కావాలి. బాణపు మొన దగ్గర పూసే విషం అకోకాంతెరా చెట్టు కట్టెని గంటల తరబడి ఉడకబెట్టి తారులా చేసినది, ఎక్కువగా గిరియామా తెగవాళ్ళ దగ్గర కొనేవారు. పూశాక ఎండిపోకుండా, తమకే గీసుకోకుండా పలచటి తోలు పట్టీ చుట్టేవారు. ఆ పనితనం ఉన్నవాళ్ళని జైల్లో పెట్టాక, బయటికొచ్చి వాళ్ళేం తినాలన్న ప్రశ్న మిగిలింది. 1960లో గలానా నది దగ్గర వాళ్ళచేతే చట్టబద్ధంగా, లెక్కప్రకారం వేట చేయించే పథకం పెట్టారు. ఆలోచన నిక్కమైనదే. అరవయ్యేళ్ళ ఆలస్యం.

మొత్తం సామ్రాజ్యంలో తక్కువ ఖర్చుతో మంచి ఏర్పాటు ఏదంటే నా ఓటు ఉత్తర రొడీషియా లువాంగ్వా లోయకి. 1950లో నార్మన్ కార్ అక్కడి పెద్ద న్సెఫూని ఒప్పించి ఆయన నేలమీదే చిన్న విడిది కట్టించాడు. చూడ్డానికొచ్చినవాళ్ళు కట్టిన డబ్బు ఖజానాకి పోకుండా న్సెఫూ స్థానిక పద్దుకే వెళ్ళింది. బతికున్న ఏనుగుకి ఒక పద్దు దొరికింది. శాఖ పెంచలేదు, స్కౌట్ల పటాలం పెట్టలేదు, డబ్బు చేరే జేబు మార్చారు.

ఈ శాఖల వార్షిక నివేదికలు చేతికి దొరికితే ముందుమాట చదవకండి. మంజూరైన పోస్టుల పట్టిక పక్కన ఎవరెవరు సెలవులో ఉన్నారో చూసుకుని తీసేయండి. కంట్రోల్ కింద చంపిన ఏనుగుల సంఖ్యని రెండుతో గుణించి, వచ్చిన దంతాల సంఖ్యతో పోల్చండి. కొంత తేడా సహజం, దంతంలేని ఏనుగులూ ఒంటి దంతంవీ ఉంటాయి. తర్వాత దంతాల సగటు తూకం చూడండి: ఏటా పెరుగుతుంటే పంట మేసినవాటినే కొట్టారని నమ్మడం కష్టం. చివరగా నిల్వ పట్టికలో కిందటేడు ముగింపు అంకె, ఈ ఏడు మొదలు అంకె ఒకటేనా అన్నది సరిచూసుకోండి.